దుర్గం గోడల్లో ఎవరి రాళ్లు?

నెల్లూరు నుంచి ముంబయి రోడ్డెక్కి ఆత్మకూరు, అక్కణ్ణుంచి కొండల వైపు తిరిగితే ఉదయగిరి. అంతా కలిపి సుమారు వంద కిలోమీటర్లు. డెల్టా వరిచేలు వెనకబడ్డకొద్దీ నేల రంగు మారుతుంది, చెట్లు పొట్టివవుతాయి, వెలిగొండలు దగ్గరపడతాయి. జిల్లాలో అందరూ మెట్ట అనేది ఈ నేలనే. ఉదయగిరిలో బస్సు దిగి తలెత్తితే ఊరి నెత్తిన కొండ. ఊళ్లో దాన్ని దుర్గం అంటారు. శిఖరం 3,079 అడుగుల ఎత్తు. కొండనూ ఊరినీ కలిపి చుట్టిన కోటగోడలు, వాటి మధ్య గుళ్ల శిథిలాలు, మసీదులు, గోరీలు, కోనేళ్లు.

కొండెక్కే ముందు కిందే ఒక లెక్క చూసుకోవడం మంచిది. విజయనగరం పుట్టిన తొలి రోజుల్లో, 1340ల నాటికే, హరిహరుడి తమ్ముడు కంపన ఇక్కణ్ణుంచి తూర్పు సీమను ఏలాడు. ఉదయగిరి రాజ్యం అని ఆ సీమకు పేరే పడింది. మొదటి దేవరాయలు సింహాసనం ఎక్కకముందు ఇక్కడే పాలకుడు. 1460 ప్రాంతంలో ఒడిశా గజపతి కపిలేశ్వరుడి సేనలు వచ్చి పట్టుకున్నాయి. మధ్యలో చేతులు మారి, మళ్లీ గజపతులదై, 1514లో శ్రీకృష్ణదేవరాయల వశమైంది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ కుతుబ్‌షాహీలు వచ్చారు. వాళ్ల తరువాత ఆర్కాటు నవాబు దీన్ని ముస్తఫా అలీఖాన్‌కు జాగీరుగా ఇచ్చాడు. 1839లో ఆ వంశంలో చివరి జాగీర్దారు మీద రాజద్రోహం మోపి కుంపిణీ వాళ్లు చెంగల్పట్టుకు పంపేశారు. దాంతో కోటగా దుర్గం పని అయిపోయింది.

వచ్చినవాడల్లా కొత్త కొండను వెతుక్కోలేదు, ఉన్నదాని మీదే కట్టాడు. కారణం వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు నిలిచే గుంటలు, ఎక్కే దారులు, కాపలా కాయడానికి వీలైన అంచులు మారవు. పైగా చెక్కిన రాయి అక్కడే ఉంది. క్వారీ నుంచి కొండమీదికి రాయి మోయించడం కన్నా పడి ఉన్న రాయిని ఎత్తి పెట్టడం చవక. మధ్యయుగపు మేస్త్రీ అయినా ఇప్పటి కాంట్రాక్టరు అయినా మొదట చూసేది కూలీ ఖర్చే.

ఇలాంటి చోట నిలబడగానే ఎవరికైనా నోట్లోకి వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరు ఎవరిది కూలగొట్టారు? నేను ఆ ప్రశ్నను తప్పనను. కానీ గోడను అడగవలసిన ప్రశ్నల్లో అది మూడోది. మొదటిది, ఏది ముందు ఏది వెనక. రెండోది, ఎప్పుడు. మొదటి ప్రశ్నకు గోడ దాదాపు నిక్కచ్చిగా జవాబు చెబుతుంది. రెండోదానికి కొంత అటూ ఇటూగా చెబుతుంది. మూడోదానికి, అంటే ఎవరు, ఎందుకు అనేదానికి, చాలాసార్లు నోరే విప్పదు. మనం మూడో జవాబు ముందే అనుకుని వెళ్లి మొదటి రెండింటినీ దానికి సరిపెడతాం. ఈ అధ్యాయం ఆ వరస సరిచేయడానికే.

ముందు రాయి సంగతి. ఉదయగిరి పేరు భూగర్భ శాస్త్రంలోనూ ఉంది. నెల్లూరు షిస్టు పట్టీ అనే అతి పురాతన శిలల వరసలో పై భాగాన్ని ఉదయగిరి గ్రూపు అంటారు, కింది భాగాన్ని పక్క ఊరి పేరు మీద వింజమూరు గ్రూపు అంటారు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లివి. ఒకప్పటి ఇసుక లోతుల్లో వేడికీ ఒత్తిడికీ బిగుసుకుని క్వార్ట్‌జైట్ అయింది. కాఠిన్యపు కొలతలో క్వార్ట్జ్‌ది 7, సున్నపురాతిలోని కాల్సైట్‌ది 3. క్వార్ట్‌జైట్ కోటగోడకు దివ్యంగా ఉంటుంది గానీ శిల్పికి నచ్చదు. ఉలి జారుతుంది, మొన అరుగుతుంది, రాయి అనుకోని చోట పెచ్చు లేస్తుంది. అందుకని గండరాళ్లతో పేర్చిన కోటగోడలో నున్నగా మలిచిన అంచు, తామర రేకుల పట్టీ ఉన్న గ్రానైటు దిమ్మ కనిపిస్తే అది ఆ గోడ కోసం పుట్టిన రాయి కాదని అక్కడికక్కడే చెప్పొచ్చు. ఎవరో మరో పని కోసం మలిచారు, తరువాత ఇక్కడికి వచ్చింది.

ఇదే ముందూ వెనకా తేల్చే పద్ధతి. గుడి అధిష్ఠానం మీద పట్టీలు వరసగా సాగాలి. సగంలో తెగి పక్కన మామూలు రాయి ఉంటే వరస చెడింది. శాసనంలో అక్షరాలు తలకిందులుగా ఉంటే, లేదా మాట మధ్యలో గోడ మూల వస్తే, ఆ రాయికి ఇది రెండో ఇల్లు. చెక్కడపు గాడిలోకి సున్నపు గార కారి గట్టిపడి ఉంటే చెక్కడం ముందు, గార వెనక. దీన్ని తిరగేసి చెప్పే తెలివి ఎవరికీ లేదు. రాయి అంచున దీర్ఘచతురస్రపు గుంతల వరస కూడా చూడండి. బండను పగలగొట్టేందుకు గీత వెంబడి ఉలితో గుంతలు తీసి, వాటిలో చీలలు బిగించి కొట్టేవాళ్లు. పగిలాక ప్రతి ముక్క అంచునా సగం సగం గుంతలు మిగిలిపోతాయి. హంపీలో బండల మీద కనిపించేవి ఇవే. గుంతలు గుండ్రంగా, పొడుగ్గా, గొట్టం సగానికి చీల్చినట్టుంటే అవి డ్రిల్లింగ్ మిషన్‌వి. నిన్నమొన్నటి పని.

ఉదయగిరి బండలు పగలగొట్టిన కథ ఒకటి పుస్తకానికెక్కింది. రాయల తరువాత కొన్నేళ్లకు విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్, రాయలు ఈ కోటను ముట్టడించడం గురించి రాశాడు. 34,000 కాల్బలం, 800 ఏనుగులతో రాయలు వచ్చాడట. కోటలో 10,000 మంది బంట్లు, 400 గుర్రాలు. అంతకు మించి అక్కర్లేదు, ఆకలికి మాడ్చి తప్ప ఆ కోటను పట్టడం కుదరదు అంటాడు. ఎక్కడానికి ఉన్న దారి మనిషి వెనక మనిషి నడవగలిగినంతే. ఏడాదిన్నర పాటు రాయలు కొండల అడ్డంగా బండలు పగలగొట్టించి కోట బురుజుల దాకా దారులు వేయించాడని ఆయన రాసినదాని సారాంశం. సంఖ్యల్లో వర్తకుడి అతిశయం ఎంతైనా ఉండొచ్చు. నాకు నచ్చేది అంకెలు కాదు, ఆ రోడ్డు పని. కావ్యాల్లో కత్తులు మెరుస్తాయి. కోటను పట్టింది ఉలీ సుత్తీ.

కోట పడ్డాక రాయలు తిరుమల వెళ్లాడు. 1514 జూలైలో స్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి నుంచి ఒక బాలకృష్ణ విగ్రహాన్ని కూడా వెంట తీసుకుపోయాడు. దానికి హంపీలో కొత్తగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. హంపీలో కృష్ణాలయం అంటే అదే. దాని తూర్పు గోపురం మీద సున్నపు బొమ్మల్లో సైనికుల వరసలున్నాయి, ఉదయగిరి యుద్ధమేనని చరిత్రకారులు చెబుతారు. ఆ విగ్రహం హంపీలోనూ ఉండలేదు. ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఉదయగిరి కృష్ణుణ్ణి చూడాలంటే ఉదయగిరికి కాదు, చెన్నైకి టికెట్టు తీసుకోవాలి.

ఇక్కడ కాస్త ఆగాలి. గోల్కొండ వాళ్లు వచ్చేది ఇంకో వందేళ్లు దాటాక. అబ్దుల్లా కుతుబ్‌షా 1626 నుంచి 1672 దాకా రాజ్యం చేశాడు. కొండమీది మసీదులో రెండు పార్శీ శాసనాలున్నాయి. మసీదు కట్టించి, తోట వేయించింది ఆ సుల్తాను కింద ఇక్కడ అధికారిగా ఉన్న షేక్ హుసేన్ అని అవి చెబుతాయి. అంటే ఆ మసీదుకు సున్నం కలిపే నాటికి ఉదయగిరి కృష్ణుడు కొండ దిగి శతాబ్దం దాటింది. ఆయన్ను దించింది పరమ వైష్ణవుడైన రాజు. ఓడిన రాజు కొలిచే దేవుణ్ణి తన రాజధానికి తెచ్చుకుని తనవాణ్ణి చేసుకోవడం అప్పటి రాజనీతిలో భాగం.  మూలవిరాట్టు పోయిన గుడి సంగతి మనకు తెలుసు. దీపం పెట్టేవాడుండడు, మాన్యం ఆదాయం ఆగుతుంది, కప్పు మీద మొలిచిన మొక్కను పీకేవాడుండడు. వందేళ్ల తరువాత అక్కడి స్తంభం మరో కట్టడంలో కనిపిస్తే దాన్ని ఎవరైనా పడగొట్టారా, పడిపోయి ఉంటే ఎత్తారా? చెక్కిన రాయి వేరే గోడలో ఉందన్న ఒక్క ఆధారంతో ఈ ప్రశ్న తేలదు. యుద్ధాల్లో గుళ్లు కాల్చలేదని, కూలగొట్టలేదని నేను అనడం లేదు. అలా జరిగిన కొన్ని చోట్ల శాసనాలే గొప్పగా చెప్పుకుంటాయి. రాయి ఒక్కదాన్నే సాక్షిగా నిలబెట్టి తీర్పు రాయకూడదంటున్నాను.

నిప్పు పెట్టి ఉంటే మాత్రం రాయి దగ్గర కొంత ఆధారం దొరుకుతుంది. గ్రానైటులో ఉండే క్వార్ట్జ్ స్ఫటికం 573 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉన్నట్టుండి తన అమరిక మార్చుకుని ఉబ్బుతుంది. పక్కనున్న ఫెల్‌స్పార్ అలా ఉబ్బదు. ఆ లాగులాటలో రాయి గింజ గింజకూ మధ్య చిట్లుతుంది, ఉల్లిపొరల్లా పెచ్చులు రాలుతుంది. రాతిలోని ఇనుము వేడికి ఎర్రబారుతుంది. హంపీ శిథిలాల్లో ఇలా నిప్పుకు పగిలిన గ్రానైటును పురావస్తు పరిశోధకులు గుర్తించారు. ఎండావానా తిన్న గ్రానైటు కూడా పొరలు పొరలుగా ఊడుతుంది గానీ అది వేరే తీరు. దాని పగుళ్లు వేరు, దాని నలుపు నాచు నలుపు. మైక్రోస్కోపు కింద రెండింటికీ తేడా స్పష్టం.

తెలుగు నేల మీద రాళ్లు ఎటు నుంచి ఎటు నడిచాయో చూస్తే ఎవరి కథా ఒకవైపు నిలవదు. పల్నాడులోని చేజర్లలో కపోతేశ్వరాలయం వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, ఎందుకంటే అది మొదట బౌద్ధుల చైత్యం. బోధన్‌లోని దేవల్ మసీదు నక్షత్రాకారపు పునాది అంతకుముందున్న గుడిది. ఇక అమరావతి. 1790ల చివర కాలిన్ మెకెంజీ వెళ్లేసరికి స్తూపపు చలువరాళ్లు ఊరి కట్టడాల్లోకి పోతున్నాయి, కొన్ని సున్నపు బట్టీల్లోకి పోతున్నాయి. రెండు వేల ఏళ్లనాటి బుద్ధచరిత్ర గోడలకు వెల్లగా మారింది. దాని వెనక ఏ మతద్వేషమూ లేదు, దగ్గర్లో సున్నపురాయి దొరికిందన్న సంబరం తప్ప.

ఉదయగిరి ఊళ్లో పాడుబడిన రంగనాయకుల గుడిని, మసీదులను ఒకే రోజు చూస్తే కట్టుబడిలో తేడా కళ్లకు కడుతుంది. గుడిది దూలాల పద్ధతి. రెండు స్తంభాలు, వాటి మీద అడ్డంగా రాతి దూలం. దూలం మీద బరువు పడితే అది కంటికి కనపడనంతగా వంగుతుంది. పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. నొక్కితే గ్రానైటుకు తిరుగులేదు. చదరపు సెంటీమీటరుకు వెయ్యి కిలోల పైన మోస్తుంది. సాగదీస్తే అందులో పదోవంతుకే విరుగుతుంది. అందుకే దూలం కింది అంచున పగులు మొదలవుతుంది, అందుకే గుడిలో స్తంభాలు రెండు మూడు మీటర్లకు ఒకటి. వేయిస్తంభాల మండపం భక్తితో పాటు ఈ ఇబ్బంది వల్ల కూడా పుట్టింది.

మసీదుది కమాను పద్ధతి. కమానులో సాగే భాగమే లేదు. ప్రతి రాయీ, ప్రతి ఇటుకా పక్కదాన్ని నొక్కుతూ ఉంటుంది. రాయికి ఏది బలమో దానితోనే పని. చిన్న చిన్న ఇటుకలతో పెద్ద జాగా కప్పొచ్చు, మధ్యలో స్తంభం అక్కర్లేదు, వందమంది ఒకే వరసలో నిలబడి నమాజు చేసుకోవచ్చు. కమానుకూ ఒక జబ్బుంది. కాళ్లను పక్కలకు తోస్తుంది. అందుకే గోడలు మందం, మూలలు బరువు. ఇదంతా నిలబడేది సున్నం మీద.

సున్నాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. సున్నపురాయిని గానీ గుల్లలను గానీ తొమ్మిది వందల డిగ్రీల దాకా బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు గాలి ఎగిరిపోయి నూటికి యాభై ఆరు వంతుల బరువే మిగులుతుంది. నీళ్లు పోస్తే సలసల కాగి ముద్దవుతుంది. ఆ ముద్దను ఇసుకతో గానుగలో తొక్కించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి గోడకు పెడితే, పోగొట్టుకున్న బొగ్గుపులుసును గాలి నుంచి మళ్లీ పీల్చుకుంటూ ఏళ్ల తరబడి రాయవుతుంది. గోడ లోపలి సున్నానికి ఇది దశాబ్దాల పని. పాత ఇల్లు పడగొట్టిన చోట రాలిన గార పెళ్ల దొరికితే నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగుతుంది. ఆ బుడగల్లో ఉన్నది మీ తాత ముత్తాతల కాలపు గాలి. మట్టి అడుసు అలా పొంగదు. పాత సిమెంటు కూడా కొద్దిగా పొంగుతుంది కాబట్టి దీన్నొక్కదాన్నీ నమ్ముకోకూడదు. పురాతన కట్టడాల మీద నిమ్మకాయ పిండడానికి వెళ్లకండి. అది చట్టరీత్యా కూడా తప్పు.

గార పీల్చుకున్న ఆ గాలిలోని బొగ్గు (కార్బన్) పరమాణువుల్లో కొన్ని రేడియో ధార్మికమైనవి, కార్బన్-14. 5,730 ఏళ్లకు సగమవుతాయి. గార గట్టిపడ్డ ఏడాది గాలి అందులో బందీ అయింది గనుక, మిగిలిన కార్బన్-14ను కొలిస్తే గోడ వయసు తెలియాలి. 1960ల నుంచి శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితో కుస్తీ పడుతున్నారు. పేచీలు రెండు. బట్టీలో సరిగా కాలని సున్నపురాతి ముక్కలు గారలో ఉంటే వాటిలో కోట్ల ఏళ్ల నాటి చచ్చిన బొగ్గు ఉంటుంది, గోడ లేని ముసలితనం తెచ్చుకుంటుంది. రెండోది గాలి తప్పే. గాలిలో కార్బన్-14 అన్ని శతాబ్దాల్లోనూ ఒకేలా లేదు. 1650 తరువాత మూడు వందల ఏళ్ల పాటు హెచ్చుతగ్గుల వల్ల ఒకే కొలతకు రెండు మూడు తేదీలు కుదురుతాయి. రాయల కాలపు గారనూ జాగీర్దార్ల కాలపు గారనూ విడదీయడం కుదురుతుంది. అబ్దుల్లా కుతుబ్‌షా కాలం సరిగ్గా ఆ గందరగోళపు గుమ్మం మీద ఉంది. అక్కడ పార్శీ శాసనమే మేలు.

ప్రపంచంలో ఇలా ఒకరి గోడల మీద ఇంకొకరు కట్టిన చోటు మరోటి చెప్పమంటే అందరూ చెప్పేది పెరూ దేశంలోని కుజ్కో. సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున, ‘ఇంకా’ అనే వంశపు రాజుల రాజధాని. రాయలు పోయింది 1529లో. నాలుగేళ్లకు, 1533లో, స్పెయిన్ వాళ్లు కుజ్కోలో అడుగుపెట్టారు. ఊరి నడిబొడ్డున కోరికాంచా అనే సూర్యదేవాలయం. గోడలకు తాపిన బంగారు రేకులు ఊడబెరికి కరిగించారు, గుడిని డొమినికన్ సన్యాసులకు ఇచ్చారు. వాళ్లు ఆ ఇంకా గోడల మీదే శాంటో డొమింగో మఠం, చర్చి కట్టారు. కింద అతుకు కనపడనంత బిగువుగా కూర్చిన ఆండసైట్ దిమ్మలు, వాటి నెత్తిన కమానులు, గంటల గోపురం.

1650లో భూకంపం వచ్చి పైదంతా పడింది, మళ్లీ కట్టారు. 1950 మే 21న ఇంకో భూకంపం. మళ్లీ చర్చి బీటలువారింది. గార రాలి, మఠపు గోడల వెనక దాగిన ఇంకా గదులు బయటపడ్డాయి. అవి నిలబడ్డాయి. కారణం మహిమ కాదు. ఆ గోడలు లోపలికి కొంచెం వాలి ఉంటాయి. వాకిళ్లు, గూళ్లు కింద వెడల్పు, పైన ఇరుకు. రాళ్ల మధ్య సున్నం లేదు. నేల ఊగినప్పుడు రాళ్లు ఒకదాని మీద ఒకటి కాస్త జరిగి, ఆ రాపిడిలో కంపనశక్తిని ఖర్చుపెట్టి, మళ్లీ తమ చోట కూర్చుంటాయి. సున్నంతో బిగిసిన కమాను జరగలేదు, పగులుతుంది. ఇంత బిగువుగా ఇనుము లేకుండా ఎలా మలిచారని చాలామందికి అనుమానం, గ్రహాంతరవాసుల్ని కూడా పిలిచారు. 1980లలో ప్రొట్జెన్ అనే వాస్తుశిల్పి గుండ్రటి గులకరాతి సుత్తితో ఆండసైట్ దిమ్మను తానే కొట్టి చూశాడు. ఒక ముఖం చదును కావడానికి ఇరవై నిమిషాలు చాలాయి. ఇంకాల సుత్తుల్లో క్వార్ట్‌జైట్ కూడా ఉంది. మన దుర్గం రాతి చుట్టమే.

కుజ్కోలో పైపొరను తేల్చింది భూమి. ఉదయగిరికి అంత పెద్ద పరీక్ష రాలేదు. దక్కను ముసలి భూఖండం, ఆండీస్‌లా రోజూ నలిగేది కాదు. అలాగని బొత్తిగా నిద్రపోదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2015 చివర్లో వరికుంటపాడు, వింజమూరు, ఉదయగిరి పక్కన వరసగా ప్రకంపనలు వచ్చి జనం రాత్రిళ్లు ఆరుబయట పడుకున్నారు.

ఇక్కడ కట్టడాలకు అసలు శత్రువు రావిమొక్క. విజయనగర గోపురంలో కింది అంతస్తు రాయి, పైనంతా ఇటుకా సున్నమూ. పిట్ట రెట్టలో పడ్డ విత్తుకు సున్నపు సందు స్వర్గం. తేమ నిలుస్తుంది, పోటీకి గడ్డి లేదు. వేరు మొన చదరపు సెంటీమీటరుకు పది కిలోల దాకా తోయగలదు. గ్రానైటును అది ఏమీ చేయలేదు. కానీ పాతబడ్డ సున్నపు అతుకుకు అందులో సగం శక్తి కూడా ఉండదు. అందుకని చెట్టు రాయిని పగలగొట్టదు, రాయికీ రాయికీ మధ్య తగువు పెడుతుంది. మొక్కను పైపైన నరికి ఊరుకుంటే వేరు కుళ్లి, అది నింపిన జాగా ఖాళీ అయి, ఒక వానాకాలానికి గోడ కూర్చుంటుంది. చెట్టు తరువాతి శత్రువు గుప్తనిధుల వాళ్లు. ఏ రాజూ పెట్టెలకొద్దీ బంగారాన్ని నంది కింద పాతిపెట్టి వెళ్లిన దాఖలా లేదు గానీ, ఆ నమ్మకం కూలగొట్టినన్ని మండపాలు ఏ సైన్యమూ కూలగొట్టి ఉండదేమో.

కొండ దిగాక ఊళ్లో చెక్క గరిటెలు చేసే ఇళ్లకు వెళ్లండి. నర్ది కర్రను కోసి, చెక్కి, ఆకురాయితో రాసి, కాడ చివర జాలీ పనిలా సన్నటి నగిషీ తీస్తారు. పార్శీ చాయల నగిషీ, నెల్లూరు అడవి కర్ర. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొరలంటే గోడలే కానక్కర్లేదు. కుతుబ్‌షాహీల నాటి అభిరుచి ఇక్కడ పప్పుగిన్నెలో తిరుగుతోంది.

మనుషులు కాక నది కప్పిన గుడి ఒకటి ఆత్మకూరు పక్కన ఉంది. చేజర్ల మండలం పెరుమాళ్లపాడు, పెన్న ఒడ్డు. ఇది నెల్లూరు చేజర్ల, ఇందాక చెప్పిన పల్నాడు చేజర్ల కాదు. ఇసుకలో గుడి ఉందని ఊళ్లో పెద్దలు చెప్పుకునేవాళ్లు. 2020 జూన్‌లో, లాక్‌డౌన్‌కు ఊరికి వచ్చిన కుర్రాళ్లు కూడా కలిసి, తవ్వితే నాగేశ్వరాలయం శిఖరం బయటపడింది. పరశురాముడు ప్రతిష్ఠించాడని ఊరి నమ్మకం. పెన్న దారి మార్చుకోవడం వల్ల, 1850 ప్రాంతపు వరదల్లో పూడిపోయి ఉంటుందని పురావస్తు శాఖ అధికారి అంచనా చెప్పారు.

పెన్న ఇలాంటి పని ఎందుకు చేస్తుందో దాని దారిలోనే ఉంది. కర్ణాటక నందికొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడుస్తుంది. గండికోట లోయలో, తరువాత వెలిగొండల సందుల్లో ఇరుగ్గా, వేగంగా వస్తుంది. సోమశిల దగ్గర కొండలు వదలగానే మైదానం. జాగా దొరకగానే నీరు పరుచుకుంటుంది, వేగం పడిపోతుంది, వేగం పోగానే మోసుకొచ్చిన ఇసుకను అక్కడే దించేస్తుంది. ఏడాదిలో చాలాభాగం ఎండి, తుపాను రోజు ఒక్కసారిగా వచ్చే నది కాబట్టి ఆ దించడమూ ఒక్కసారే. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగినప్పుడు దీని ఉపనదుల ఆవేశం లోకమంతా చూసింది.

ఆ ఇసుకే గడియారం అవుతుంది. ఇసుక రేణువుల్లో చాలావరకు క్వార్ట్జ్ స్ఫటికాలే, వాటిలో చిన్న చిన్న లోపాలుంటాయి. చుట్టూ మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం విడిచే కిరణాలు రేణువులోని ఎలక్ట్రాన్లను కదిలిస్తే కొన్ని ఆ లోపాల్లో చిక్కుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ చిక్కినవి పెరుగుతాయి. ఎండ తగిలితే నిమిషాల్లో అన్నీ విడుదలై లెక్క సున్నాకు వస్తుంది. కాబట్టి రేణువు చివరిసారి ఎండ చూసి చీకట్లో పూడిపోయిన రోజు నుంచే లెక్క మొదలు. ప్రయోగశాలలో దానిమీద రంగు కాంతి వేస్తే చిక్కుకున్న ఎలక్ట్రాన్లు విడుదలవుతూ సన్నటి వెలుగు వెదజల్లుతాయి. వెలుగును కొలిచి, ఏడాదికి ఎంత కిరణధార తగులుతుందో దానితో భాగిస్తే పూడి ఎన్నేళ్లయిందో వస్తుంది. 1985లో కెనడా శాస్త్రజ్ఞులు చూపించిన పద్ధతి ఇది. బురద వరదలో, అందులోనూ రాత్రిపూట, రేణువులన్నిటికీ ఎండ సరిగా తగలదు. అందుకని ఒక్కో రేణువునూ విడిగా కొలిచి, అన్నిటికన్నా చిన్న వయసు చూపే గుంపును నమ్ముతారు.

గుడి గోడ పక్కన ఇసుకను అడుగు నుంచి పైదాకా మూడు నాలుగు లోతుల్లో ఇలా కొలిస్తే, ఒకే వరద కప్పిందా, యాభై ఏళ్లపాటు విడతలవారీగా కప్పిందా అన్నది కూడా తేలుతుంది. 1850 అంచనా నిలుస్తుందో లేదో ఇసుకే చెబుతుంది. చేయవలసిన పని పెద్దదేమీ కాదు. అరచేయంత వెడల్పున్న ఇనుప గొట్టాన్ని ఇసుక గోడలోకి సుత్తితో దిగగొట్టి, రెండు చివరలా నల్ల టేపు చుట్టి, తెరవకుండా ప్రయోగశాలకు పంపాలి. గొట్టం దిగాల్సింది తవ్వకం మొదలయ్యే రోజునే. జేసీబీ ఒక పూట పనిచేసి ఇసుకను ఒడ్డున కుప్ప పోశాక, దానికి తెలిసిన తేదీ ఆ పూటే.